వంకర గోడకు అటుపక్క

మౌలాలి పందిరి కిందికి వచ్చేసరికి ఒంట్లోంచి ఆవిరి లేస్తోంది. చెప్పులు విప్పలేదు, విసిరాడు. ఒకటి గడప దగ్గర పడింది. రెండోది ఏ ఊళ్ళో పడిందో అల్లాకే తెలియాలి.

"బాబా! ఈ జనానికి ఇళ్ళు కట్టకూడదు. కట్టకూడదంతే! వీళ్ళని ఖయామత్ దాకా, లోకం అంతమయ్యేదాకా ఆ రేకుల షెడ్డులోనే ఉంచాలి!"

మురాద్ షా బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నారు. ఆయన పెన్నేటి ఒడ్డున ఒక గదీ ఒక పందిరీ వేసుకుని ఉండే ముసలి సూఫీ గురువు. వయసెంతని అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతారు. కొందరి లెక్కలో ఆయన ఏటికన్నా పెద్దవాడు.

"నీళ్ళు తాగు" అన్నారు.

"తాగను."

"అయితే ఈ చేట పట్టుకో. నీవి పడుచు కళ్ళు."

మౌలాలి చేట పట్టుకున్నాడు. కోపంతో ఏరితే రాళ్ళు బాగా దొరుకుతాయి గాబోలు, గుప్పెడు తీసి పారేశాడు. అందులో సగం బియ్యమే.

వాడి కోపానికి కారణం లేకపోలేదు. కిందటేడు పెన్న పొంగింది. పొంగడమంటే అట్లా ఇట్లా కాదు, చేపలు తాటిచెట్లెక్కి ఊరు చూసిపోయాయి. నీళ్ళు దిగేసరికి దూదేకుల పేటలో మట్టిమిద్దె ఒక్కటి మిగల్లేదు. దూది ఏకి పరుపులు కుట్టుకునే ఆ కుటుంబాలన్నీ మార్కెట్ యార్డు షెడ్డు కిందికి చేరాయి. ఊరందరికీ మెత్తటి పరుపులు కుట్టిపెట్టిన జనం సిమెంటు గచ్చు మీద పడుకున్నారు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు లేవు, తాడు మీద ఆరేసిన చీరలే గోడలు. ఒకరు దగ్గితే అందరికీ నిద్ర చెడేది. చీరకు అటుపక్క కొత్త కోడలు నిట్టూర్చినా ఇటుపక్క ముసలమ్మ "ఏమైందే" అని అడిగేది. పెద్దమనుషులు వచ్చారు, ఫొటోలు దిగారు, అరటిపండ్లు పంచారు, పోయారు. మళ్ళీ వానాకాలం తలమీదికి వచ్చింది.

మురాద్ షాకు ఏటికి దూరంగా ఎత్తు మీద కాస్త నేల ఉంటే ఇచ్చేశారు. పక్క ఊరి బట్టీ ఆసామి పుణ్యానికి ఒక బట్టీ ఇటుక ఇచ్చాడు. నేలా చిన్నదే, ఇటుకా అంతే. జనం మాత్రం పుట్టలో చీమలు. కాబట్టి పైకి కట్టాలి, నాలుగంతస్తులు.

మౌలాలి అనంతపురంలో ఇంజనీరింగు చదివినవాడు. పట్నంలో మంచి ఉద్యోగం వదిలి గురువు దగ్గరకు వచ్చాడు. అంత చదివినవాడు ఉండగా ఇంకొకరిని పిలవడమెందుకని పని వాడి చేతికే వచ్చింది. వాడు లెక్క వేశాడు. తిన్నటి గోడ నాలుగంతస్తుల బరువు మోయాలంటే బాగా మందంగా కట్టాలి. అలా కడితే ఉన్న ఇటుక రెండంతస్తులకే సరి. సగం కుటుంబాలకు ఇల్లు, సగం కుటుంబాలకు షెడ్డు. అదే గోడను పాము నడిచినట్టు వంపులు తిప్పి కడితే సగం మందంతోనే నిలబడుతుంది. వంపే దానికి బలం. వంపులతో పొడుగు కాస్త పెరిగినా ఇటుక మిగులుతుంది, సున్నం సిమెంటు మిగులుతాయి, కూలి ఖర్చు తగ్గుతుంది. నాలుగంతస్తులూ లేస్తాయి. షెడ్డులో ఒక్క ప్రాణి మిగలదు.

షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి చూపించాడు కూడా. ఒక అట్టముక్క నిలబెట్టాడు, పడిపోయింది. దాన్నే వంపు తిప్పి నిలబెట్టాడు, నిలబడింది. దాని మీద నీళ్ళ చెంబు పెట్టాడు, అదీ నిలబడింది. జనం కొట్టిన చప్పట్లకు షెడ్డు రేకులు ఎగిరిపోయి ఉండాల్సింది. అందరూ ఒప్పుకున్నారు. అట్టముక్క కదా, ఒప్పుకోవడానికి ఏం పోయింది?

ఆ తర్వాత మాదిరికని కింద అంతస్తులో రెండిళ్ళు కట్టించాడు. రెండింటికీ నడుమ ఒకటే గోడ, ఒకటే వంపు. పైన తాత్కాలికంగా రేకులు వేశాడు. అచ్చం వాడి బొమ్మలో ఉన్నట్టే వచ్చింది గోడ. నున్నగా, ఒయ్యారంగా, చూసినకొద్దీ చూడబుద్ధేసేలా. మౌలాలి దాని పక్కన నిలబడి రోజూ పొద్దున చేత్తో నిమిరేవాడు. పెళ్ళి కాని పిల్లాడు, ఇంకేం చేస్తాడు పాపం.

ఈ పొద్దున జనం ఇళ్ళు చూడ్డానికి వచ్చారు.

ఫక్కీరమ్మ ఎడమ ఇంట్లోకి పోయింది. పేటలో ఆమె గొంతు అందరికన్నా పెద్దది. ఆమె పిలిస్తే ఏటి అవతల ఉన్న వాళ్ళ మేకలు కూడా ఇంటిముఖం పడతాయి. రమీజమ్మ కుడి ఇంట్లోకి పోయింది. ఆమెది సన్నటి గొంతు, సూది మాట. ఇద్దరూ ఒకేసారి కేక పెట్టారు.

"ఇదేందబ్బీ! ఈ గోడకు నెలలు నిండినట్టుండాయే! గుమ్మంలో అడుగు పెడితే కడుపు ముందుకేసుకొని ఎదురొస్తాండాది!"

"ఈడ చూడండప్పా, ఈడ! పొయ్యి కాడికి గోడ వచ్చి కూర్చుంది. నేను దాని ఒళ్ళో కూర్చొని వండాల్నా?"

సంగతేమిటంటే, పాము నడక గోడకు ఇటు గుంట అయిందే అటు గడ్డ అవుతుంది. ఎడమ ఇంట్లో గుమ్మం దగ్గర గోడ ముందుకు ఉబ్బి, పొయ్యి దగ్గర లోపలికి పోతుంది. కుడి ఇంట్లో గుమ్మం దగ్గర లోపలికి పోయి, పొయ్యి దగ్గర ఉబ్బుతుంది. ఇద్దరికీ ఒక గుంట, ఒక గడ్డ. అయితే ఎవరికీ తన గుంట కనిపించలేదు. అవతలి గుంట మాత్రం అరకోసు దూరం నుంచి కనిపించింది.

"నీకేమమ్మా రమీజా, గుమ్మం కాడ ఎద్దు పండుకునేంత జాగా వచ్చె నీకు."

"నీకు పొయ్యి కాడ రెండెద్దులు పండుకుంటాయి కదా, దాని మాటేంది?"

మౌలాలి టేపు పట్టుకుని పరిగెత్తాడు. ఇటు కొలిచాడు, అటు కొలిచాడు. "చూడండి, రెండిళ్ళూ సమానం. వేలెడు తేడా ఉంటే నా మీసం తీయించుకుంటా" అన్నాడు.

ఫక్కీరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"టేపు నీది. గోడ నీది. లెక్క నీది. ఇల్లు మాత్రం నాదా?"

అంతే. ఎండ ముదిరేసరికి పేట ఎడమ ఇళ్ళు రాబోయేవాళ్ళు, కుడి ఇళ్ళు రాబోయేవాళ్ళు అని రెండుగా చీలింది. ఎడమవాళ్ళంతా కుడివాళ్ళు దోచుకున్నారన్నారు, కుడివాళ్ళంతా ఎడమవాళ్ళు కొల్లగొట్టారన్నారు. ఇంకా పునాది కూడా పడని ఇళ్ళల్లో ఇంకా లేని గోడల కోసం పుట్టినప్పటి నుంచీ స్నేహితులైన వాళ్ళు మాటలు మానేశారు. చివరికి పేట పెద్ద, పెద్దమస్తాను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఈ వంకరలొద్దు. తిన్నగా కట్టు. రెండంతస్తులైతే రెండంతస్తులే."

"మిగతా సగం మందో?" అని మౌలాలి అరిచాడు.

"వాళ్ళ సంగతి మళ్ళా చూద్దాం. కొట్లాడుకుంటా అందరం ఉండేకన్నా కుదురుగా కొందరుండేది మేలు. శుక్రవారం నమాజయినాక షా తాతను అడుగుదాం. ఆయన వంకరంటే వంకర, తిన్నగంటే తిన్నగ."

ఇదీ జరిగింది. ఇదంతా మౌలాలి బియ్యం ఏరుతూ చెప్పాడు. చెప్పాడనడం కన్నా ఉరిమాడనడం సరి.

"సమానం బాబా! రెండూ సమానం! నా చేత్తో నేను కొలిచాను. ఇంత మూర్ఖులా? గోడ గుండ్రంగా ఉందని సగం మంది పసిపిల్లల్ని వానలో ఉంచుతారా? మీరొక్క మాట చెప్పండి. ఇది నా ఆజ్ఞ, వంకరగానే కట్టాలి అనండి. మీ మాటకు ఎదురు చెప్పే మగాడు ఈ ఊళ్ళో లేడు."

"ఆడది?"

మౌలాలికి ఫక్కీరమ్మ గుర్తొచ్చింది.

మురాద్ షా చేట అందుకుని బియ్యం కుండలో పోశారు. లేచి, గోడకు చుట్టిపెట్టిన చాప తీసుకుని చంకలో పెట్టుకున్నారు.

"నేను శుక్రవారం దాకా ఆ కుడి ఇంట్లో ఉంటా. నువ్వు ఎడమ ఇంట్లో ఉండు."

"ఎందుకు బాబా?"

"ఈ పందిరి కారుతోంది."

ఆకాశంలో మబ్బు తునక లేదు. వాన పడి ఆరు నెలలు. కాకులు కూడా నీళ్ళడుక్కుంటున్నాయి. మౌలాలి పైకి చూశాడు, గురువు వంక చూశాడు, బండి మాట్లాడటానికి పోయాడు.

మురాద్ షా సామాను ఒక చాప, ఒక కూజా. మౌలాలి సామాను మాత్రం ఎడ్లబండి నిండుగా వచ్చింది. ఇనప మంచం, రేకు పెట్టె, పుస్తకాల బీరువా, కిరసనాయిలు స్టవ్వు. సన్యాసం పుచ్చుకున్నవాడి దగ్గర ఇంత సామాను ఉంటుందని బండివాడు ఏడు ఊళ్ళల్లో చెప్పుకున్నాడు.

పొయ్యి దగ్గర పొగ కాబట్టి మంచం గుమ్మం దగ్గర వేసుకోవాలి. గుమ్మం దగ్గర గోడ కడుపు. మంచం నడుమ గోడకు తగిలింది, తలవైపూ కాళ్ళవైపూ సందులు మిగిలాయి. మౌలాలి నడుం వాల్చాడో లేదో తలగడ సందులో పడింది. తలగడ తీస్తుంటే కళ్ళజోడు పడింది. కళ్ళజోడు కోసం చెయ్యి పెడితే చెయ్యి ఇరుక్కుంది. చెయ్యి లాగితే మోచెయ్యి గోడకు కొట్టుకుంది. మంచం ఇవతలికి లాగితే తలుపు మూతపడలేదు. బీరువాను గుంటలోకి నెడితే దాని వెనకాల పిల్లి ఈనేంత సందు మిగిలింది. ఆ సాయంత్రమే ఒక పిల్లి వచ్చి చూసి కూడా పోయింది.

"మౌలాలీ" గోడకు అటుపక్క నుంచి వినిపించింది. "ఏదో పడ్డట్టుంది?"

"ఏం లేదు బాబా."

"ఇక్కడెంత హాయిగా ఉందనుకున్నావు! గుమ్మం దగ్గర ఈ గుంట నా వీపు కొలత తీసి కట్టినట్టుంది. ఆనుకుంటే లేవబుద్ధి కావడం లేదు."

మౌలాలి మోచెయ్యి రుద్దుకున్నాడు.

"మీకు గుంట గుమ్మం దగ్గరే వచ్చింది కదా బాబా" అన్నాడు. మామూలుగానే అన్నాననుకున్నాడు.

మర్నాడు జనం షా తాతను చూడ్డానికి రాసాగారు. వచ్చినవాళ్ళంతా గుమ్మం పక్క గుంటలో చేరగిలబడి కూర్చున్నారు. టీలు తాగారు, నవ్వుకున్నారు, ఒకడైతే గుర్రు పెట్టి నిద్రపోయాడు. మౌలాలి ఇంటికి ఒక్కరు రాలేదు. గుమ్మంలోకి రాగానే గోడ కడుపు ఎదురొస్తే ఎవరొస్తారు? వచ్చినా ఎక్కడ కూర్చుంటారు? మంచం కింద కూర్చోవాలి.

నవ్వులు గోడలోంచి వస్తుంటే మౌలాలి స్టవ్వు మీద నీళ్ళు పెట్టుకున్నాడు. పొయ్యి దగ్గర వాడికి బోలెడంత జాగా ఉంది. ఒక్కడు, ఒక గ్లాసు టీ కాచుకోవడానికి పెళ్ళి వంటలకు సరిపడేంత జాగా. అంత జాగాలో టీ కాచుకుంటుంటే ఇంకా ఒళ్ళు మండింది.

"బాబా, మీకు పొయ్యితో పని లేదు కదా" అన్నాడు గోడతో. "కూజా నీళ్ళు, నాలుగు ఖర్జూరాలు. అటువైపు గడ్డ ఉన్నా మీకు తెలీదు."

"నిజమే నాయనా. నాకు తెలీనే లేదు."

ఆ మాటతో మంట ఇంకా పెరిగింది. తెలీనే లేదట! తన మోచెయ్యి రెండు రంగులు తిరిగింది, తలగడ రోజుకు నూటాపదహారు సార్లు సందులో పడుతోంది, ఆయనకు తెలీనే లేదట! గురువు మీద కోపం తెచ్చుకోకూడదు, అది పాపం. కాబట్టి మౌలాలి మేస్త్రీ మీద తెచ్చుకున్నాడు. ఆ మేస్త్రీ తనకు తెలియకుండా వంపు ఇటువైపు ఎక్కువ తోశాడేమో. బాబా ఉండబోయే ఇల్లని భక్తితో అటువైపు గుంట లోతు పెంచాడేమో. గోడ కట్టిననాడు బాబా అక్కడ ఉంటారని మేస్త్రీకి తెలీదు. ఎవరికీ తెలీదు. బాబాకే తెలీదు. అయినా ఒళ్ళు మండేటప్పుడు ఈ లెక్కలన్నీ ఎవడు చూసుకుంటాడు?

మూడోనాటికి మౌలాలి గోడను నిమరడం మానేశాడు. దాటుకుని పోయేటప్పుడు దాని వంక ఓరచూపు చూసేవాడు. అదీ వాడి వంక చూస్తున్నట్టే ఉండేది.

శుక్రవారం రేపనగా మధ్యాహ్నం షా గారు కాళ్ళూ చేతులూ కడుక్కుని మసీదుకు బయల్దేరారు. కర్ర చప్పుడు దిబ్బ దిగిపోయేదాకా మౌలాలి విన్నాడు. పెట్టెలోంచి టేపు తీసుకున్నాడు. అటూ ఇటూ చూసి, కోడిని దొంగిలించేవాడిలా కుడి ఇంట్లోకి దూరాడు.

చాప చుట్టి ఉంది. కూజా మూతపెట్టి ఉంది. మౌలాలి గుమ్మం దగ్గర గుంట ముందు మోకాళ్ళ మీద కూర్చుని టేపు పెట్టాడు. తిన్నటి గోడైతే టేపు నిలుస్తుంది. వంపు మీద ఎక్కడ నిలుస్తుంది? ఈ కొస పెడితే ఆ కొస జారింది. ఆ కొస నొక్కితే ఈ కొస ఎగిరి ముక్కుకు తగిలింది. పళ్ళ మధ్య పట్టుకున్నాడు, కాలి బొటనవేలితో తొక్కాడు, గోడను కౌగిలించుకుని కొలవబోయాడు. చెమట ధారలు కట్టి గచ్చు తడిసింది.

అప్పుడు టేపు రెండో కొస కదలకుండా నిలిచింది.

మౌలాలి తల తిప్పాడు. మురాద్ షా పక్కనే గొంతుక్కూర్చుని టేపు కొసను బొటనవేలితో గోడకు నొక్కి పట్టుకున్నారు.

"సరిగ్గా పట్టుకున్నానా?"

మౌలాలి తల ఊపాడు.

"కొలువు."

కొలిచాడు.

"ఎంతొచ్చింది?"

"అటువైపు ఎంతో, అంతే."

"నేను ముసలోణ్ణి. వేలు జారిందేమో, మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాడు. పొయ్యి దగ్గరకు పోయి గడ్డ కొలిచారు. గురువు ఒక కొస, శిష్యుడు ఒక కొస. ఎడమ ఇంట్లోకి పోయి అక్కడా కొలిచారు. మంచం అడ్డం వస్తే షా గారే ఒక పక్క పట్టి జరిపారు. తలగడ సందులో పడితే తీసి దులిపి ఇచ్చారు.

"గుంట?"

"సమానం బాబా."

"గడ్డ?"

"సమానం."

మురాద్ షా టేపు కొస వదిలారు. అది సర్రున పాకి మౌలాలి చేతిలోని డబ్బీలోకి దూరింది.

"మరి కోపం తగ్గిందా?"

మౌలాలి ఎవరి దగ్గరైనా అబద్ధం ఆడగలడు. పట్నంలో ఉద్యోగం చేసినవాడు కదా, ఆ విద్య లేకుండా ఉండదు. ఆ కళ్ళ ముందు మాత్రం నోరు తిరగలేదు.

"లేదు బాబా."

"కొలిచినవాడికే తగ్గలేదు" అన్నారు షా గారు. "ఫక్కీరమ్మకెందుకు తగ్గాలి?"

కర్ర తీసుకుని మళ్ళీ మసీదుకు పోయారు. మౌలాలి అక్కడే, గడ్డకూ మంచానికీ నడుమ ఇరుక్కుని, సాయంత్రపు అసర్ అజాన్ వినపడేదాకా కూర్చున్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక పేటంతా ఎత్తు మీదికి చేరింది. ఆడా మగా, ముసలీ ముతకా, నడవలేనివాళ్ళను వీపుల మీద మోసుకొచ్చారు. ఎడమవాళ్ళు ఒక పక్క, కుడివాళ్ళు ఒక పక్క. నడుమ ఏనుగుల గుంపు నడిచేంత ఖాళీ.

పెద్దమస్తాను తువ్వాలు దులిపాడు.

"చెప్పు తాతా. వంకరా, తిన్నగా? నీ మాటే మాకు తీర్పు."

మౌలాలి గురువు నోటి వంక చూశాడు. ఒక్క మాట చాలు. ఒక్క మాటతో సగం పేట వానలోంచి బయటపడుతుంది.

మురాద్ షా అందరి వంకా చూశారు.

"గోడకు అటుపక్క ఎవరుంటారో వాళ్ళనడగండి" అన్నారు.

చెప్పి, పోయి ఇటుకల గుట్ట నీడలో కూర్చున్నారు.

జనం బిత్తరపోయారు. ఆ తర్వాత మండిపడ్డారు. ఇదేం తీర్పని ఒకరు, తాతకు వయసు మీద పడిందని ఒకరు. ఫక్కీరమ్మ గొంతు అన్నిటి మీదా లేచింది.

"అటుపక్క ఉండేది ఈమె కదా! ఈమెను నేనడగాల్నా?"

"అడిగితే నోరు పడిపోతుందా?" అంది రమీజమ్మ.

"ఏమడగాల? నా జాగా ఎందుకు మింగితివని అడగాల్నా?"

మౌలాలి చేయి టేపు కోసం జేబులోకి పోయింది. సగంలో ఆగింది. ఖాళీగా బయటికి వచ్చింది.

"అవ్వా" అన్నాడు. గొంతు వాడిది కాదన్నట్టు చిన్నగా వచ్చింది. "నీ మంచం ఎక్కడ వేసుకుంటావు?"

"మంచమా?" ఫక్కీరమ్మ వాణ్ణి కిందికీ పైకీ చూసింది. "నాకు మంచమేడిదిరా? ఏట్లో పాయె. మేమంతా కిందనే పండుకుంటాం."

మౌలాలి బొమ్మలో ప్రతి ఇంట్లోనూ ఒక మంచం ఉంది. నీలం గీతతో, చక్కగా.

"మరి నీకు జాగా ఎక్కడ కావాలవ్వా?"

"యాడ కావాల్నో ఇన్నాళ్ళకు అడుగుతాండావా? నాకు మనవళ్ళు మనవరాళ్ళు కలిపి ఒక బడికి సరిపోయేటంత మందుండారు. అందురూ పొయ్యి చుట్టూ కూర్చుంటేనే బువ్వ తింటారు. నాకు పొయ్యి కాడ కావాల. గుమ్మం కాడ నాకేం పని? నేనేమన్నా కలెక్టర్నా, గుమ్మంలో కూర్చొని అర్జీలు తీసుకోడానికి?"

మాట అయ్యేసరికి ఆమె చూపు తనంతట తానే రమీజమ్మ వైపు తిరిగింది. అడగడం ఇష్టం లేదు. అడగకపోతే కుతూహలం చంపేస్తుంది.

"నీకో?" అంది ముఖం అటు పెట్టి.

"మా ఇంటాయన కాళ్ళు పడిపోయినాయి కదా" అంది రమీజమ్మ. సూది మొన కాస్త వంగింది. "ఆ షెడ్డులో నాలుగు పక్కలా చీరలే చూస్కుంటా పండుకుంటాడు. మనిషి మొహం చూడక మాట్లాడేదే మరిచిపోతాండాడు. ఆయన పక్క గుమ్మం కాడ పరచాల. ఈది కనపడాల. వంటేముంది, ఇద్దరికీ గుప్పెడు బియ్యం. పొయ్యికి జానెడుంటే చాలు."

ఎడమవాళ్ళకూ కుడివాళ్ళకూ నడుమ ఉన్న ఖాళీలోకి ఒక కోడి వచ్చి గింజలు వెతుక్కుంది.

మౌలాలి పరిగెత్తి సున్నం తట్ట తెచ్చాడు. మాదిరి ఇళ్ళ పక్కన, ఇంకా పునాది తీయని ఖాళీ నేల మీద రెండిళ్ళ కొలతకు నాలుగు పుల్లలు గుచ్చాడు. తట్ట ఇద్దరి నడుమా పెట్టి వెనక్కి జరిగాడు.

"గోడ మీరే గీయండి. కింద ఎట్లా గీస్తే పైన మూడంతస్తులూ అట్లే లేస్తుంది. పైన ఉండబోయేవాళ్ళు కూడా వచ్చి చెప్పండి."

పైన ఉండబోయేవాళ్ళు వచ్చారు. కింద ఉండబోయేవాళ్ళు వచ్చారు. ఏ సంబంధమూ లేనివాళ్ళు అందరికన్నా ముందొచ్చారు. ఆ గీత గీయడానికి పడిన రచ్చ పెన్న పొంగిననాడు కూడా లేదు.

"ఇటు జరుపమ్మా, ఆయన కాళ్ళు చాపుకోవద్దా?"

"పొడుగు మనిషి లే. ఇంకో మూర జరుపు, నేనేమన్నా వద్దంటినా?"

"ఈడ నీ పిల్లోళ్ళకు చాలుతాదా?"

"చాలకుంటే చిన్నోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటా. నువ్వు మాత్రం పొయ్యి మరీ నా గోడకానించొద్దు, నా పక్క వెచ్చబడిపోతాది."

సున్నం పోసిన చేతులు తెల్లబడ్డాయి. గీత గుమ్మం దగ్గర ఇటు వంగింది, నడుమ తిరిగి పొయ్యి దగ్గర అటు వంగింది. పైవాళ్ళు ఒకరిద్దరు గొణిగారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ చూసుకున్నారు, సర్దుకున్నారు. ఫక్కీరమ్మ లేచి నిలబడి, నడుం వంచి, ఒక కన్ను మూసి గీత మొత్తం చూసింది.

"ఇదిగో. ఇట్ల కట్టాల" అంది. చెయ్యి చాచి మౌలాలి కట్టిన గోడను చూపించింది. "ఆ దరిద్రపు గోడ మాదిరి కాదు. అది దూది మూటలు పెట్టుకోడానికి పనికొస్తుందిలే. మనుషులుండేదానికి ఇదీ గోడంటే!"

పేటంతా అవునంది. పెద్దమస్తాను తువ్వాలు దులిపి అవునన్నాడు. రమీజమ్మ అందరికన్నా గట్టిగా అంది.

మౌలాలి సున్నం గీత వంక చూశాడు. తన గోడ వంక చూశాడు. మళ్ళీ గీత వంక చూశాడు. కొలవాల్సిన పని లేదు. ఆ వంపు వాడు కళ్ళు మూసుకుని గీయగలడు. అదే వంపు. అదే గుంట, అదే గడ్డ, వేలెడు తేడా లేదు.

నాలుక చివరికి ఒక మాట వచ్చి నిలబడింది. కొండంత మాట. దాన్ని అంటే లోకం మొత్తం వాడి వైపు ఉంటుంది, న్యాయం ఉంటుంది, లెక్క ఉంటుంది.

ఇటుకల నీడలో మురాద్ షా ఆకాశం చూస్తున్నారు.

మౌలాలి మాట మింగాడు. అది గొంతు దిగేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇట్లే కడతానవ్వా" అన్నాడు.

"ముందే ఇట్ల కట్టి ఏడ్చుంటే ఇంత దూరం వచ్చేదారా?" అని ఫక్కీరమ్మ సున్నం చేతులు చీరకు తుడుచుకుంది.

"తప్పయింది అవ్వా" అని, మౌలాలి పునాది తీయడానికి పలుగు అందుకున్నాడు.